రోజలిన్‌ని అప్పగించిన పూట

రోజలిన్‌కి ఎక్కణ్ణించీ జవాబు రావడం లేదు.

నర్సింగులో క్లాసు ఫస్టు ఆ పిల్ల. హైదరాబాదులో ఓ పెద్ద ఆసుపత్రికి రెజ్యూమే పంపింది. ఐర్లండులో ముసలివాళ్లని చూసుకునే ఓ నర్సింగ్ హోముకీ అదే రెజ్యూమే పంపింది. రెండు చోట్ల నుంచీ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇక్కడ చూస్తే పల్నాడులో తను పనిచేసే మిషన్ ఆసుపత్రిని ఆ నెలాఖరుకి మూసేస్తున్నారు. తోటి నర్సులందరూ ఎక్కడో ఒకచోట కుదురుకున్నారు. సీనియరు కోటేశ్వరికి గవర్నమెంటు పోస్టే వచ్చింది. మిగిలింది రోజలిన్ ఒక్కతే. ఊరికే ఇంట్లో ఎందుకు, వచ్చి మా బట్టల కొట్టులో కూర్చోమని మేనమామ కబురు పెట్టాడు. తండ్రి సరేననేశాడు కూడా.

"చీరలు మడతపెట్టడానికా నేను చదివింది?" అని రోజలిన్ పళ్లు నూరుకుంది. ఆరునూరైనా ఈ నెలలో ఉద్యోగం కొట్టాల్సిందే.

తప్పెక్కడుందో కూడా కనిపెట్టేసింది. తనలో ఏ లోపమూ లేదు, కాగితంలోనే దమ్ము లేదు! బస్టాండు దగ్గర నెట్ సెంటరులో కూర్చుని ఒక్క పేజీ రెజ్యూమేని మూడు పేజీలు చేయించింది. చుట్టూ నీలం గీత, పైన రంగు ఫోటో. డైనమిక్ అని రాశారు, డెడికేటెడ్ అని రాశారు, ఎంత ఒత్తిడిలోనైనా చిరునవ్వు చెదరదని రాశారు. ఆ సెంటరు యజమాని చెయ్యి తిరిగినవాడు. ఆ ఊరి ఇంజనీర్లలో సగం మందికి ఇవే మాటలు అతికించి పంపించాడు మహానుభావుడు.

"డయాలసిస్ చేశారా మేడమ్?" అని అడిగాడు.

"లేదండి. మా దగ్గర ఆ మెషీనే లేదు."

"రెండేళ్లు చేశారని ఓ లైను పడేద్దాం. అది ఉంటేనే పిలుస్తున్నారు. వెళ్లాక ఎలాగూ వాళ్లే నేర్పుతారు."

రోజలిన్ స్క్రీను మీద ఆ ఖాళీ జాగా వైపు చూసింది. మేనమామ కొట్టు కళ్ల ముందు కదిలింది.

"పడెయ్యండి," అంది.

ఇక కావలసింది కింద ఒక పెద్దమనిషి పేరు. ఈ అమ్మాయి గురించి ఏదైనా అడగాలంటే వీరిని అడగండి అని రాస్తారు చూడండి, అది. ఆ పేరు మదర్ బెర్నదెత్తమ్మది కాక ఇంకెవరిదవుతుంది!

మదర్ ఆ ఆసుపత్రి నర్సింగ్ స్కూలుని ఏళ్ల తరబడి నడిపిన మనిషి. ఇప్పుడు రిటైరై పక్కనే కాన్వెంటులో ఉంటోంది. అయినా పొద్దున్నే ఓసారి వార్డంతా చుట్టి రాకపోతే ఆమెకి కాఫీ గొంతు దిగదు. చుట్టుపక్కల ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆమె దగ్గర పని నేర్చుకున్న నర్సు ఒకరైనా ఉంటారు. ఆమె చేత తిట్లు తినకుండా నేర్చుకున్నవాళ్లు మాత్రం లేరు.

మర్నాడు ఉదయం రాత్రి డ్యూటీ దిగుతూ రోజలిన్ ఆ మూడు పేజీలూ మదర్ చేతిలో పెట్టింది.

మదర్ కళ్లజోడు తగిలించుకుని మొదట్నించి చివరిదాకా చదివింది. మధ్యలో ఒకచోట ఆగి రోజలిన్ ముఖంలోకి చూసింది. మళ్లీ చదివింది.

"కింద మీ పేరు పెడితే చాలు మదర్," అంది రోజలిన్. "ఈసారి కొట్టి తీరాలి."

"కొడదాం. కోటేశ్వరి వచ్చిందా?"

కోటేశ్వరి పగటి డ్యూటీకి వచ్చి, రోజలిన్‌తో వార్డంతా తిరిగి, రిజిస్టరులో సంతకం చేస్తోంది.

నర్సులకి డ్యూటీ మారేటప్పుడు ఒక పద్ధతుంది. దిగే నర్సూ ఎక్కే నర్సూ కలిసి మంచం మంచానికీ నడుస్తారు. ఈయన ఎవరు, ఎందుకొచ్చాడు, రాత్రి ఎలా ఉన్నాడు, ఏం చేశాం, ఇంకా ఏం చెయ్యాలి. ఇంతే చెబుతారు. దిగేవాళ్లు చెప్పిందాన్ని నమ్మే ఎక్కేవాళ్లు మందు సిరంజి చేతిలోకి తీసుకుంటారు. మదర్ దీన్ని అప్పగింత అనేది. అప్పగింత సరిగ్గా చెప్పని పిల్లని ఆమె డ్యూటీ దిగనిచ్చేది కాదు.

"అందరి అప్పగింతా అయిందా?" అని అడిగింది మదర్.

"అయింది మదర్," అంది రోజలిన్.

"ఇంకొకరు మిగిలారు."

మదర్ చెప్పులు విడిచింది. తల మీది ముసుగు సర్దుకుని, కిటికీ పక్క ఖాళీ మంచం ఎక్కి వెల్లకిలా పడుకుంది.

ఇద్దరు నర్సులూ నోళ్లు వెళ్లబెట్టారు. ఎదురు మంచం మీది ముసలాయన "అయ్యయ్యో, మదరమ్మకి ఏమైంది!" అంటూ లేవబోయాడు.

"నాకేం కాలేదు, నువ్వు పడుకో పెద్దాయనా," అంది మదర్. "ఏమే రోజమ్మా, ఇప్పుడు నేను పేషెంటుని. నన్ను కోటేశ్వరికి అప్పగించు. ఈ కాగితంలో ఉన్న మాటలే చెప్పాలి. సొంత మాట కలిపావంటే ఊరుకోను."

రోజలిన్‌కి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మదర్ ఏదన్నా చెయ్యమంటే చెయ్యడమే గానీ ఎందుకని అడిగే అలవాటు ఆ ఆసుపత్రిలో ఎవరికీ లేదు. కాగితం తీసుకుని మొదలుపెట్టింది.

"ఈమె డైనమిక్... డెడికేటెడ్. క్రమశిక్షణ గల మనిషి. నలుగురితో కలిసిపోతుంది. ఎంత ఒత్తిడిలోనైనా చిరునవ్వు చెదరదు."

"బాగానే ఉంది గానీ, ఈమెకి ఏమైందే?" అంది కోటేశ్వరి.

రోజలిన్ పేజీ తిప్పింది. "లక్ష్యసాధనే... ధ్యేయంగా..."

"రాత్రి మందేమైనా ఇచ్చావా? ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

రోజలిన్ ఇంకో పేజీ తిప్పింది. అక్కడా ఏమీ దొరకలేదు. ముసలాయన కిసుక్కున నవ్వాడు.

"ఆ లైను వదిలేశావేం? చదువు," అంది మదర్, పడుకునే.

ఏ లైనో రోజలిన్‌కి తెలుసు. దాని మీద బొటనవేలు పెట్టి దాచింది.

"చదవమన్నానా?"

"డయాలసిస్... రెండేళ్లు... చేశాం."

మదర్ తల తిప్పి కోటేశ్వరి వైపు చూసింది. "విన్నావుగా. డయాలసిస్ చేశామంటోంది. ఇప్పుడు నన్నేం చేస్తావు?"

"చేసేశాక ఇంకేముంది మదర్? డయాలసిస్‌కి పంపను," అంది కోటేశ్వరి అమాయకంగా.

"పంపవుగా?"

"చేశామని చెప్పాక మళ్లీ ఎందుకు పంపుతాను?"

మదర్ పొట్ట మీద రెండు చేతులూ కట్టుకుని కళ్లు మూసుకుంది. ఎంత సేపటికీ కదలలేదు. పొట్టిగా ముడుచుకున్న ఆ ముసలి పాదాలని చూస్తూ నిలబడ్డ రోజలిన్ గబగబా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"లేవండి మదర్. మీకు దణ్ణం పెడతాను, లేవండి."

మదర్ కళ్లు తెరిచింది. "ఈ కాగితం నమ్మి నిన్ను ఎవరి మంచం పక్కన నిలబెడతారే?"

రోజలిన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపుతో పాటే కోపం కూడా.

"మరి నన్నేం రాయమంటారు మదర్? నా దగ్గరేముంది? ఒళ్లు తుడిచాను, పక్క మార్చాను, అన్నం తినిపించాను. ఈ మారుమూల ఆసుపత్రిలో ఇంకేం చేశానని? అది రాస్తే నన్నెవరు పిలుస్తారు?"

మదర్ మెల్లగా లేచి కూర్చుంది. కాళ్లు కిందికి దించి, చెప్పులు వేసుకుని, దుప్పటి సరిచేసింది.

"నువ్వు పడుకో."

"నేనా?"

"నువ్వే. కోటేశ్వరీ, ఈ పిల్లని నాకు అప్పగించు."

రోజలిన్ పడుకుంది. అన్నేళ్లుగా ఆ వార్డులో తిరుగుతున్నా ఆ మంచాల మీంచి పైకప్పు ఎలా కనబడుతుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. కోటేశ్వరి మంచం కాళ్ల దగ్గర నిలబడింది. అప్పగింత అనగానే ఆమె గొంతు దానంతటదే డ్యూటీ గొంతైపోయింది.

"పేరు రోజలిన్. మూడేళ్లుగా ఈ వార్డులోనే ఉంది. ఎక్కువగా రాత్రి డ్యూటీలు. ఇక్కడున్నవాళ్లు చాలామంది పక్షవాతం వచ్చి కదలలేనివాళ్లు. ఈమె చేతి కింద ఉన్నవాళ్లలో ఒక్కరికి కూడా వీపు మీద పుండు పడలేదు. వేరేచోట పుండ్లు పడి ఇక్కడికొచ్చినవాళ్లకి మాన్పింది. ముక్కులో గొట్టంతో వచ్చినవాళ్లకి మళ్లీ నోటితో తినడం అలవాటు చేస్తుంది. ఒక్కొక్క చెంచా, ఎంతసేపైనా కూర్చుంటుంది."

"నాకూ అంతే పెట్టింది," అన్నాడు ముసలాయన ఎదురు మంచం మీంచి.

"పోయిన వానాకాలం వాగు పొంగి డాక్టరుగారు రాలేకపోయారు. ఆయన ఫోనులో చెబుతుంటే ఈమె చేసింది. ఇద్దరికి ఊపిరాడని రాత్రి అది. తెల్లారేసరికి ఇద్దరూ ఉన్నారు. కొత్తగా చేరిన పిల్లలకి పని నేర్పేదీ ఈమే."

"ఏం మిగిలింది?" అని అడిగింది మదర్.

"డయాలసిస్ రాదు. వెంటిలేటరు దగ్గర చేసింది తక్కువ. నేర్పితే పట్టేస్తుంది. కోపం ఎక్కువ. పేషెంట్ల మీద మాత్రం చూపించదు, ఉన్నదంతా మా మీదే."

రోజలిన్ పైకప్పునే చూస్తోంది. కళ్ల చివర్నించి నీళ్లు చెవుల్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు. కోటేశ్వరక్క ఇవన్నీ ఎప్పుడు చూసింది? తను కూడా చూసుకోలేదే!

"విన్నావా?" అంది మదర్.

"విన్నాను."

"అయితే లే. లేచి అది రాయి."

రాత్రంతా నిద్ర లేదు, అయినా రోజలిన్ ఇంటికి వెళ్లలేదు. ముఖం కడుక్కొచ్చి నర్సుల బల్ల ముందు కూర్చుంది. నెట్ సెంటరు పేజీలు చింపి చెత్తబుట్టలో వేసింది. తెల్లకాగితం మీద రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. కోటేశ్వరి తెచ్చిన టీ పక్కనే చల్లారిపోయింది. ఒక్క పేజీ తయారయ్యాక మదర్ దగ్గరికి తీసుకెళ్లింది.

మదర్ కళ్లజోడు పెట్టుకోను కూడా పెట్టుకోలేదు. "హైదరాబాదుకీ ఐర్లండుకీ ఒకటే అప్పగింతా?"

"రెండు చోట్లా ఉండేది నేనే కదా మదర్?"

"పొద్దున డాక్టరుకి ఒకలా చెబుతావు, అదే పేషెంటు కూతురికి ఇంకోలా చెబుతావు. ఎందుకూ?"

రోజలిన్ ఆలోచించింది. "నిజం ఒకటే. వాళ్లు ముందు తెలుసుకోవాలనుకునేది వేరు."

మదర్ తల ఊపి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రోజలిన్ మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లింది. హైదరాబాదు కాగితంలో రాత్రి డ్యూటీలూ, వాగు పొంగిన రాత్రి చేసిన పనీ ముందుకి తెచ్చింది. ఏ తారీకున చేరగలదో పైనే రాసింది. ఐర్లండు కాగితంలో ముసలివాళ్ల సంరక్షణ ముందు పెట్టింది. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషను, రాసిన ఇంగ్లీషు పరీక్ష దాని కిందే చేర్చింది. ఫోటో, తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా అన్నది, పైన రాసినవన్నీ నిజమేనని ప్రమాణం చేసే చివరి లైనూ రెండింటిలోనూ వదిలేసింది. అవతలివాళ్లు వాటిని అడగలేదు. డైనమిక్ ఊసు ఏ కాగితంలోనూ లేదు.

మధ్యాహ్నం భోజనం గంట కొట్టే వేళకి రెండు కాగితాలూ పట్టుకుని వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి. నడకలో మాత్రం అలసట లేదు.

"చూడండి మదర్."

మదర్ చెయ్యి చాపలేదు.

"ఇది చదివి, ఎవరో వాళ్ల అమ్మనో నాన్ననో తీసుకొచ్చి ఇవాళే నీ చేతుల్లో పెట్టారనుకో. తీసుకుంటావా?"

రోజలిన్ అక్కడే నిలబడి రెండు కాగితాలూ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుకుంది. ఒకచోట 'అందరికీ' అని ఉన్నది కొట్టేసి 'ఎక్కువ మందికి' అని దిద్దింది. తలెత్తింది.

"తీసుకుంటాను."

"ఏదీ, కింద నా పేరు పెట్టాలి, ఆ పెన్ను ఇటివ్వు," అంది మదర్.