ముందు కొమ్మ, వెనక కొమ్మ

అనాటమీ విభాగంలో డాక్టర్ పరంజ్యోతిని ప్రశ్న అడిగితే సమాధానం రాదు, పని వస్తుందని పేరు. అడిగినవాళ్ల చేతికి ఆయన ఏదో ఒక పనిముట్టు అందిస్తారు. పీజీ రెండో ఏడు చదువుతున్న హైమకు ఈ సంగతి తెలుసు. అయినా ఆ సోమవారం ఉదయం అడక్క తప్పలేదు.

"పుస్తకం ఒకటి చెప్పి, నా కళ్లు ఇంకొకటి చెబితే దేన్ని నమ్మాలి సార్?"

ఆమె ముందు గాజు పాత్రలో ఎర్రటి పగడపు పొదలాంటిది ఉంది. చనిపోయాక కళాశాలకు దానంగా వచ్చిన ఒక దేహం నుంచి మూత్రపిండాన్ని తీసి, దాని ధమనిలోకి జిగురులాంటి రంగు రెజిన్ ఎక్కించి, అది గట్టిపడ్డాక మాంసాన్నంతా హైమ యాసిడ్‌లో కరిగించింది. మిగిలింది రక్తనాళాల అచ్చు. మొదట్లో ముందుకొకటి, వెనక్కొకటి, రెండు కొమ్మలు. వాటికి రెమ్మలు, ఆ రెమ్మలకు వెంట్రుకకన్నా సన్నటి పోగులు. ముందు కొమ్మ పోగులు వెనక కొమ్మ పోగులతో ఎక్కడా కలవవని పుస్తకాలన్నీ ఒకే మాటగా చెబుతాయి. హైమ అచ్చులో మూడు చోట్ల కలిశాయి. ఎనిమిది నెలల ఆమె పరిశోధన ఆ మూడు చోట్ల మీదే నిలబడి ఉంది.

పరంజ్యోతి ఇంకా నోరు విప్పకముందే సర్జన్ కోటిరెడ్డి తలుపు తోసుకుని వచ్చాడు. ఆయనా ఒకప్పుడు ఈయన శిష్యుడే. మధ్యాహ్నం రెండింటికి ఆయనకో ఆపరేషన్ ఉంది. రోగి నలభై రెండేళ్ల చేనేత కార్మికురాలు. పుట్టుకతోనే ఒకటే కిడ్నీ. అందులో ముందువైపు కణితి.

"మీ శిష్యురాలి అచ్చు సంగతి విన్నాను సార్. నాళాలు కలిసేమాటైతే ముందు కొమ్మను మొదట్లోనే కట్టేస్తాను. గంటలో బయటపడతాం. వెనక కొమ్మ మిగతా కిడ్నీని పోషిస్తుంది. కలవకపోతే కణితికి వెళ్లే ఒక్కో రెమ్మా వెతికి కట్టాలి, మూడు గంటలకు తక్కువ కాదు. ఆమె గుండె అంతసేపు తట్టుకోదేమోనని మత్తు డాక్టర్ గొడవ."

"కట్టేశాక కలవవని తేలితే?" అంది హైమ.

"ముప్పాతిక కిడ్నీ చచ్చిపోతుంది. ఇక ఆమెకు బతికినన్నాళ్లూ డయాలసిస్సే. చెప్పండి సార్, కలుస్తాయా, కలవవా?"

పరంజ్యోతి లేచి ఫ్రిజ్‌లోంచి అదే దేహానికి చెందిన రెండో మూత్రపిండాన్ని తెచ్చారు. ముందు కొమ్మలో సన్నటి గొట్టం దూర్చి దారంతో బిగించారు. సిరంజిలో నీలిరంగు నింపి హైమకు అందించారు.

"మీరింకా సమాధానం చెప్పడం నేర్చుకోలేదన్నమాట," అన్నాడు కోటిరెడ్డి.

"నువ్వింకా కూర్చోవడం నేర్చుకోలేదు."

హైమ బొటనవేలితో నొక్కింది. పలచటి పొర కింద నీలం మెల్లగా పాకింది. ముందుభాగమంతా కమ్ముకుని, అంచు తిరిగి వెనకవైపుకు కాస్త వెళ్లి, స్కేలు పెట్టి గీసినట్టు ఆగిపోయింది. ఆ గీతకు అవతల కండ గోధుమరంగులోనే ఉంది. సిరంజి బిగిసింది.

"ఇంకాస్త నొక్కమ్మా!" కోటిరెడ్డి ట్రే మీదికి వంగాడు. "దాంట్లో కలిసినవి దీంట్లో ఎందుకు కలవవు? నొక్కు!"

హైమ గురువు వైపు చూసింది. ఆయన మూత్రపిండాన్ని చూడటం లేదు. ఆమె బొటనవేలిని చూస్తున్నారు.

ఆ బిగువు ఆమె వేలికి కొత్త కాదు. ఇంకొక్క నొక్కు నొక్కితే నీలం గీత దాటుతుంది. దాటితే ఎనిమిది నెలల పని నిలబడుతుంది, సర్జన్ సంతోషంగా థియేటర్‌కు వెళతాడు. గ్లవ్ లోపల చెయ్యి చెమటతో జారుతోంది. గోడ గడియారం పదకొండున్నర దాటింది.

ఆమె వేలు తీసేసింది.

"అచ్చు పోసినప్పుడూ ఇలాగే బిగిసింది సార్. చివరి పోగుల్లోకి ఇంకా ఎక్కలేదేమోనని గట్టిగా నొక్కాను. ఉన్నట్టుండి వదులైంది. దారి తెరుచుకుందని సంబరపడ్డాను. నోట్‌బుక్‌లో మాత్రం రాయలేదు."

"వదులైందా, చిట్లిందా?" కోటిరెడ్డి గొంతు తగ్గింది.

"చిట్లింది. బయటికొచ్చిన రెజినే ఆ మూడు చోట్లా గడ్డకట్టి ఉంటుంది. నాళాలు కలవలేదు."

కోటిరెడ్డి ఫోన్ తీసి మత్తు డాక్టర్‌కు చెప్పాడు: "మూడు గంటల ఆపరేషన్‌కు సిద్ధపడండి. గుండె డాక్టర్‌ని కూడా పక్కన ఉండమనండి. రెమ్మ రెమ్మా వెతికే కడతాను." గుమ్మం దగ్గర ఆగి హైమకు చెయ్యెత్తి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఆపరేషన్‌కు మూడుంబావు గంటలు పట్టింది. రోగి గుండె తట్టుకుంది. కిడ్నీ పనిచేస్తోందని మర్నాడు ఉదయం కబురొచ్చింది.

హైమ ఆ కబురు గురువుకు చెప్పి, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"నా దగ్గర ఇక రాయడానికి ఏమీ మిగల్లేదు సార్."

పరంజ్యోతి ఆమె ముందుకు ఒక తెల్ల కాగితం జరిపారు.

"నిన్న వేలు ఎందుకు తీశావో, అక్కణ్నుంచి మొదలుపెట్టు."