తాంబూలంలో చిక్కుకున్న మాట

అనగా అనగా, ఏడు కొండలూ ఎనిమిది వాగులూ దాటాక, పోకలదుర్గం అనే రాజ్యం ఉండేది. దాన్ని గంభీరవర్మ అనే రాజు ఏలేవాడు. మంచివాడు, మనసు వెన్న. లోపమల్లా ఒక్కటే. పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా ఆయన నోట్లో తాంబూలం ఉండేది. ఒక బుగ్గ ఖాళీ అయ్యేలోగా రెండో బుగ్గ నిండేది. అందుకని ఆయన ఏం చెప్పినా మాట సగం లోపలే నానిపోయి, మిగిలిన సగమే బయటికి వచ్చేది.

సభలో ఒక్కరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా అందరూ ఒక్క గొంతుతో "చిత్తం ప్రభూ!" అనేవారు.

ఆ కొలువులో వకుళ అనే అమ్మాయి కొత్తగా పనికి చేరింది. నేతగాళ్ళ ఇంటి పిల్ల. బాగా చదువుకుంది. లేడిలా పరుగెత్తుతుంది. ఒకసారి విన్నది మరిచిపోదు. రాజుగారి ఆజ్ఞ విని, చేయవలసిన వాళ్ళకి చేరవేయడం ఆమె పని. ఆమెకి ఉన్న భయం ఒకటే. "ఈ పిల్లకి ఏమీ తెలియదు" అని ఎవరైనా అనుకుంటారేమోనని!

మొదటి రోజే ముసలి మంత్రి బహుశ్రుతుడు ఆమెని పక్కకి పిలిచాడు.

"చూడమ్మాయీ, కొలువులో ముందుగా నేర్చుకోవలసింది తల ఊపడం. రాజుగారు మెల్లగా మాట్లాడితే ఇలా." చిన్నగా ఊపి చూపించాడు. "గట్టిగా మాట్లాడితే ఇలా." గడ్డం గుండెకి తగిలేలా ఊపాడు. "బొత్తిగా అర్థం కాకపోతే ఇలా." కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి, ఏదో గొప్ప రహస్యం విన్నవాడిలా మెల్లగా ఊపాడు. "ఎక్కువగా వాడేది ఈ మూడోదే."

"మరి అర్థం కానిది అడగకూడదా, మంత్రివర్యా?"

"అడగడమా!" మంత్రి కంగారుగా అటూ ఇటూ చూశాడు. "అడిగితే మనకి తెలియదని తెలిసిపోదూ?"

ఆ మాట వకుళ మనసుకి భలేగా పట్టింది. ఇంటికి వెళ్ళి అద్దం ముందు నిలబడి, మూడో రకం ఊపుడు మెడ పట్టేసేదాకా సాధన చేసింది.

మర్నాడు రాజుగారు తన ఉత్తరీయం చేత పట్టుకుని పడకగది గోడల వంక చూశారు. ఆపైన వకుళతో, "ఓడకి... ఓ మ్మేక్... ఒట్టించ్..." అన్నారు.

వకుళ కళ్ళు మూసుకుని తల ఊపింది. బయటికి వచ్చి ఆలోచించింది. గోడకి... ఓ మేక... కట్టించు. "రాజులకి ఎన్ని వ్రతాలు ఉంటాయో ఏమిటో!" అనుకుంది. మధ్యాహ్నానికల్లా రాజుగారి పడకగదిలో, మెడలో మువ్వలతో, ఒక గడ్డపు మేక నిలబడి ఉంది. సాయంత్రానికి అది పట్టు ఉత్తరీయంలో సగం తినేసి, మిగతా సగం రేపటికి అట్టేపెట్టుకుంది.

రాజుగారు లోపలికి వస్తుంటే వకుళ తలుపు చాటున నిలబడి చూసింది. ఆయన మేక వంక చూశారు. మేక ఆయన వంక చూసింది. ఇద్దరూ కాసేపు నములుతూ నిలబడ్డారు. చివరికి రాజుగారు నిదానంగా తల ఊపి వెళ్ళి పడుకున్నారు.

"అమ్మయ్య, సరిగ్గానే విన్నానన్నమాట!" అనుకుంది వకుళ.

కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు భోజనం ముగించి, తాంబూలం బుగ్గన పెట్టుకుని, రాజుగారు మొహం చిట్లించారు. "ఊర్లో... ఆవ్ల్... తక్కువ్..." అన్నారు.

వకుళకి ఈసారి అనుమానమే రాలేదు. ఊరిలో ఆవులు తక్కువ! ఎంత దయగల ప్రభువు! పరుగున పోయి పశువుల అధికారికి చెప్పింది. పల్లెపల్లె నుంచీ మందలు బయల్దేరాయి. రాజవీధి నిండా ఆవులు. కోట మెట్ల మీద ఆవులు. నాట్యశాలలో దూడలు. సేనాపతి రణభీముడు నడవాలో కునుకు తీస్తుంటే, ఒక కపిల గోవు ఆయన మీసాన్ని గడ్డి అనుకుని ఆప్యాయంగా నాకింది.

రాజుగారు మేడ మీద నుంచి ఆ మందల్ని చాలాసేపు చూశారు. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచారు. మళ్ళీ మూసుకున్నారు. తల ఊపారు.

ఇక అసలు ముప్పు ఆ తరువాత వచ్చింది.

పోకలదుర్గానికి పొరుగున వేణునగరం ఉంది. దాని రాజు మాధవసేనుడు. ఆయనా, మన రాజుగారూ ఒకే గురువు దగ్గర చదువుకున్న స్నేహితులు. రెండు రాజ్యాల మధ్య ఏనాడూ గొడవ లేదు. అలాంటిది, ఒకనాడు నిండు సభలో గంభీరవర్మ లేచి నిలబడి, చెయ్యెత్తి, "మాఅవసేన్కి... వెంఠనే... ఫెద్ద దండ్... ఒంపండి!" అన్నారు.

సభ అంతా ముందుకి వంగింది. రణభీముడు మాత్రం ఎగిరి గంతేశాడు. "దండు! మాధవసేనుడి మీదికి పెద్ద దండు! చిత్తం ప్రభూ!" ఏళ్ళ తరబడి యుద్ధం లేక పాపం ఆయన కత్తి ఒరలోనే తుప్పు పట్టిపోయింది. అక్కడికక్కడే దాన్ని పీకబోతే అది రాలేదు. ఇద్దరు భటులు ఒర పట్టుకుని లాగవలసి వచ్చింది.

వకుళకి లోపల ఏదో గుచ్చుకుంది. రాజుగారి మొహంలో కోపం లేదు. నవ్వు ఉన్నట్టుంది. దండు పంపేవాడు నవ్వుతాడా? అడుగుదామని నోటిదాకా వచ్చింది. చుట్టూ చూసింది. మంత్రి దగ్గర నుంచి వింజామర వీచేవాళ్ళ దాకా అందరూ మూడో రకంగా తల ఊపుతున్నారు. తనూ ఊపింది. ఊపి, ఆ ఆజ్ఞని సైనికుల పేటకి మోసుకుపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె అన్న సోమన్న వసారాలో కూర్చుని ఈటె నూరుకుంటున్నాడు. సోమన్న రాజుగారి సైన్యంలో భటుడు. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. వదిన అటుకులు మూట కడుతోంది.

"ఎందుకే చెల్లీ ఈ యుద్ధం? వేణునగరం వాళ్ళు మనల్ని ఏం చేశారు?" అని అడిగాడు సోమన్న.

"రాజుగారి ఆజ్ఞ అన్నా."

"ఏమన్నారు?"

"దండు అన్నట్టు వినిపించింది."

సోమన్న నూరడం ఆపాడు. "వినిపించిందా, అన్నారా?"

వకుళ వదిన కడుతున్న మూట వంక చూసింది.

"అడగలేకపోయావా తల్లీ?"

"అడిగితే నాకు తెలియదని అందరికీ తెలిసిపోతుంది కదన్నా."

సోమన్న కోప్పడలేదు. "సరేలే, నీ పరువు కోసం వెళ్ళొస్తాలే," అని మళ్ళీ ఈటె నూరుకోవడం మొదలుపెట్టాడు.

తిట్టి ఉంటే వకుళ ఏడ్చి ఊరుకునేది. తిట్టలేదు కాబట్టి ఆమెకి ముద్ద దిగలేదు.

తెల్లవారేసరికి కోట ముందు సైన్యం బారులు తీరింది. భేరీలు మోగుతున్నాయి. వాటి చప్పుడుకి ఆవులు బెదిరి ఏనుగుల కాళ్ళ మధ్య దూరుతున్నాయి. రాజుగారు సింహాసనం మీద కూర్చుని, కిటికీలోంచి ఆ హడావిడి అంతా చూస్తూ నములుతున్నారు. అప్పుడు వకుళ రొప్పుతూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ప్రభూ, తమరు నిన్న చెప్పింది నాకు అర్థం కాలేదు."

వింజామరలు ఆగిపోయాయి. మంత్రి ఆమె వెనక నుంచి, ఊపు, ఊపు అన్నట్టు తన తల గబగబా ఊపి చూపించాడు. వకుళ ఊపలేదు.

"దండ్!" అన్నారు రాజుగారు.

"ఇప్పుడూ అర్థం కాలేదు ప్రభూ."

"ధండ్... ఊల్... ధండ్!" ఈసారి కాస్త తుంపర కూడా వచ్చింది.

 వకుళ మొహం తుడుచుకుని చేతులు జోడించింది. "ప్రభూ, నా చెవిది తప్పో, తమ తాంబూలానిది తప్పో నాకు తెలియదు. కానీ బయట మా అన్న ఈటె పట్టుకుని నిలబడ్డాడు. అతని భార్య ఇంటి దగ్గర ఏడుస్తోంది. దయచేసి ఆ తాంబూలం ఉమ్మేసి, ఇంకొక్కసారి చెప్పండి."

 రాజుగారు ఆమెని చూశారు. కిటికీ బయటికి చూశారు. మెల్లగా వంగి తమ్మపడిగలో తాంబూలం ఉమ్మేశారు. నోరు పుక్కిలించుకున్నారు. అప్పుడు వినిపించిన గొంతు ఆ సభలో చాలామంది అంతకు ముందు ఎన్నడూ వినలేదు. గంటలా ఖంగుమంది.

"దండ! పూలదండ! మా మాధవుడికి షష్టిపూర్తి. అందుకని పెద్ద దండ పంపమన్నాను."

రణభీముడు కత్తిని చప్పుడు కాకుండా ఒరలోకి తోసేశాడు. ఈసారి అది సులువుగానే వెళ్ళింది.

"మరి ఈ సైన్యం ఎవరి మీదికి?" అన్నారు రాజుగారు.

"అదే మేమూ అనుకుంటున్నాం ప్రభూ," అన్నాడు మంత్రి.

వకుళ తల దించుకుంది. "నేనే ప్రభూ. అర్థం కాకుండానే ఆజ్ఞ మోశాను. ఇంతకు ముందు గోడకి మేక కట్టించమన్నారనీ, ఊరిలో ఆవులు తక్కువన్నారనీ చెప్పింది కూడా నేనే. అవి అయినా సరిగ్గా విన్నానో లేదో!"

"మేకా? గోడకి మేకు కొట్టించమన్నాను తల్లీ, ఉత్తరీయం తగిలించుకోవడానికి! ఊరిలో ఆవులేమిటి? కూరలో ఆవాలు తక్కువన్నాను. ఇప్పటికీ పోపులో ఆవగింజ కనబడదు!"

"మరి మేకని చూసినప్పుడు తమరైనా అడగలేదేం ప్రభూ?"

రాజుగారి మొహం తాంబూలం లేకుండానే ఎర్రబడింది. "ఇంతమంది పెద్దలు ఉన్న కొలువులో మేకని కట్టారంటే ఏదో మహత్తరమైన కారణం ఉంటుందనుకున్నాను. అడిగితే, రాజుకి ఇది కూడా తెలియదా అనుకుంటారని ఊరుకున్నాను. అది నా మీసం వాసన చూస్తుంటే నాకు సరిగ్గా నిద్ర పట్టి ఎన్నాళ్ళయిందో!"

ముందుగా నవ్వింది వింజామర వీచే అమ్మాయి. ఆ వెంటనే సభ అంతా నవ్వింది. రాజుగారు కడుపు పట్టుకుని నవ్వారు.

షష్టిపూర్తికి వేళ మించిపోతోంది. వకుళ కోట బయటికి పరుగెత్తి, యుద్ధం లేదని కేక పెట్టింది. ఈటెలు కింద పడేసి భటులంతా పూలు కోసుకొచ్చారు. దండ కట్టడం ఒక్కరికీ రాదు. వకుళ పూలమ్మే ముసలమ్మని పిలుచుకొచ్చి, "అవ్వా, మాకు చేతకాదు, నేర్పవూ?" అని అడిగింది. అడగడం ఎంత తేలికో ఆమెకి అప్పటికే తెలిసిపోయింది. రణభీముడు కట్టిన వైపు దండ కొంచెం వంకరగా వచ్చింది. అయినా అంత పెద్ద దండని మాధవసేనుడు తన జన్మలో చూడలేదు. సోమన్న దాన్ని భుజాన మోసుకెళ్ళి, విందు తిని, క్షేమంగా ఇల్లు చేరాడు.

ఆనాటి నుంచి గంభీరవర్మ సభలో తాంబూలం మానేశారు. అర్థం కాలేదని ఎవరైనా చెప్పవచ్చని చాటింపు వేయించారు. మొదటి రోజు అందరూ అన్నీ అడిగేసరికి సభ ముగిసేటప్పటికి దీపాలు పెట్టవలసి వచ్చింది. తరువాత సర్దుకుంది. కొత్తగా పనికి చేరిన వాళ్ళకి వకుళ ఒకటే నేర్పేది. "తమరు చెప్పింది ఇదీ అని నేను విన్నాను, సరేనా ప్రభూ?" అని అడిగాకే కదలమనేది.

ఒకనాడు సభ ముగిశాక, మంత్రి బహుశ్రుతుడు ఆమె దగ్గరికి వచ్చి చాలాసేపు తచ్చాడాడు.

"అమ్మాయీ," అన్నాడు చివరికి, "నా ఎడమ చెవి వినపడక ఏళ్ళయింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ సభలో ఏమనుకున్నారో... ఇంకొక్కసారి చెబుతావా?"

వకుళ నవ్వలేదు. లేచి ఆయన కుడివైపుకి వచ్చి కూర్చుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

కాబట్టి పిల్లలూ, అర్థం కానప్పుడు అర్థం కాలేదని అడగడం చిన్నతనం కాదు. ఏ పనిలో చేరినా ముందుగా నేర్చుకోవలసిన విద్య అదే.