చెప్పకుండా వేసిన ఎత్తు

సముద్రానికి ఆమడ దూరంలో, కొండల మొదట్లో, గుమ్మలకోట అని ఒకానొక సంస్థానం ఉండేది. దాన్నేలే విజయభూపతి దేవు గారికి రెండు పిచ్చులు. ఒకటి చదరంగం, రెండోది ఇంగ్లీషు. ఇంగ్లీషు రాదు కాబట్టి ఆ రెండోది మరీ ముదిరింది.

ఎవరో తెల్ల సార్జెంటు చెప్పాడని, కోటలో మందుగుండు కొట్టు కాపలావాళ్లకు రాజావారు ఓ కొత్త పద్ధతి నేర్పించారు. లోపలికి వచ్చేది ఎవరైనా సరే, బల్లెం అడ్డం పెట్టి "చెక్!" అని కేక వెయ్యాలి. ఒంటిమీద నిప్పూ చుట్టా లేవని చూసుకున్నాకే వదలాలి.

ఒకనాడు పొద్దున్నే రాజావారే నోట్లో చుట్టతో అటు దయచేశారు. వచ్చింది రాజావారేనని కాపలా ఉన్న బోడెయ్యకు తెలుసు. అయినా బల్లెం అడ్డం పెట్టి, కళ్లు మూసుకుని "చెక్!" అన్నాడు.

అంతే, రాజునే ఆపిన నేరానికి బోడెయ్యను ఖైదులో వేశారు. మర్నాడు తెల్లవారగానే పెళ్లాం బిడ్డలతో సహా పొలిమేర దాటించమని హుకుం అయింది.

సభలో రాజావారు సింగన పంతులును పిలిచారు. ఈ పంతులు ఒకప్పుడు రేవులో ఓడల దొరలకు దుబాసీ పని చేసినవాడు. ఇప్పుడు కోటలో ఆయన కొలువు ఇంగ్లీషు జాబులు చదివిపెట్టడం, సాయంత్రం పూట చదరంగంలో రాజావారి చేతిలో ఓడిపోవడం. రెండో పనే కష్టమైంది.

"పంతులూ, ఈ 'చెక్' అన్న మాట పుట్టుపూర్వోత్తరాలు తేల్చు. అదెంత పొగరుమాటో సభకు విడమరిచి చెప్పు. వాడికి వేసిన శిక్ష చాలలేదేమోనని మా అనుమానం" అన్నారు రాజావారు.

సభంతా తలలూపింది. పంతులు ఊపలేదు. కోటగుమ్మం పక్కన ముంతా చాపా ముందేసుకుని కూర్చున్న బోడెయ్య భార్యను ఆయన వస్తూ చూశాడు. ఆ మనిషి ఏడవడం కూడా మానేసింది. పంతులుకు అది మరీ బాధనిపించింది. మాట అర్థం ఇప్పుడే చెప్పెయ్యొచ్చు. కానీ నిండుసభలో చెబితే రాజావారికి అది పాఠంలా వినిపిస్తుంది, పాఠం వినే వయసు ఆయనకు దాటిపోయింది.

"మాట చాలా దూరం నుంచి వచ్చింది, మహాప్రభూ. సాయంత్రం దాకా గడువిప్పించండి" అన్నాడు.

సాయంత్రం బల్ల పరిచారు. ఆట మొదలైంది. కాసేపటికి పంతులు తన ఏనుగును అనాథలా వదిలేసి, గుర్రాన్ని చప్పుడు లేకుండా రాజావారి రాజు మీదికి తెచ్చి పెట్టాడు. రాజావారి కళ్లు మెరిశాయి. ఆ ఏనుగును చంపి, మీసం దువ్వుకున్నారు. పంతులు మాట్లాడకుండా గుర్రాన్ని దూకించి, రాజావారి రాజును ఎత్తి పక్కన పెట్టేశాడు.

"ఆట అయిపోయింది, మహాప్రభూ."

"ఏమిటయ్యా ఈ అన్యాయం!" రాజావారు పీట మీంచి లేచిపోయారు. "రాజు మీదికి వచ్చినప్పుడు 'షా' అని చెప్పాలా వద్దా? చెప్పకుండా రాజును చంపేస్తారా ఎక్కడైనా?"

"చెబుదామనే అనుకున్నానండి. ధైర్యం చాలలేదు. పొద్దున చెప్పినవాడు ఖైదులో ఉన్నాడు."

రాజావారు మళ్లీ పీట మీద కూర్చున్నారు.

పంతులు చేతులు కట్టుకున్నాడు. "తమరడిగిన పుట్టుపూర్వోత్తరాలు ఇవేనండి. పారశీకంలో 'షా' అంటే రాజు. మన దేశపు చదరంగం అటు వెళ్లింది. ఎదుటివాడి రాజుకు ఆపద వస్తే 'షా!' అని హెచ్చరించడం అక్కడి ఆటగాళ్లకు మర్యాద. ఆటతోపాటు ఆ కేకా అరబ్బుల నోళ్లలో, ఫ్రెంచివాళ్ల నోళ్లలో పడి నలిగి, ఇంగ్లీషువాళ్ల దగ్గరకు చేరేసరికి 'చెక్' అయింది. మొదట ఆటలో కేక. తర్వాత దేన్నైనా ఆపడం. ఆ తర్వాత సరిచూడడం. తమరు పొగరుమాట అన్నదాని కడుపులో ఉన్నది రాజేనండి."

"అయితే మమ్మల్ని ఆపొచ్చంటావా?"

"బంటును చంపేటప్పుడు ఎవరైనా చెబుతారా? గుర్రానికి చెబుతారా? మంత్రికి అసలే చెప్పరు. ఈ బల్ల మీద హెచ్చరిక అందుకునే గౌరవం రాజొక్కడిదే. పొద్దున బోడెయ్య ఊరుకుని ఉంటే, తమరి చుట్ట నిప్పు మందు మీద పడి ఉంటే..." పంతులు బల్ల పక్కన పెట్టిన రాజును చూపించాడు. "ఈపాటికి మేమందరం ఏడుస్తూ ఉండేవాళ్లం."

రాజావారు పక్కన పడి ఉన్న తన రాజును తీసి మళ్లీ గడిలో నిలబెట్టారు. తర్వాత ఉన్నట్టుండి పగలబడి నవ్వారు. "ఇన్నాళ్లూ నువ్వు కావాలనే ఓడిపోతున్నావన్నమాట!" అంటూ భుజాన ఉన్న పట్టుశాలువా తీసి పంతులుకు కప్పి, స్వయంగా ఖైదు దగ్గరకు నడిచారు.

తలుపు తీశారు. బోడెయ్య బయటికొచ్చి దండం పెట్టాడు. వాడి భార్య పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"రేపట్నుంచి మళ్లీ కొలువులోకి రా" అన్నారు రాజావారు.

బోడెయ్య తల గోక్కున్నాడు. "బాబూ, ఓ మాట సెలవియ్యండి. ఈసారి తమరొస్తే ఆపమంటారా, ఆపొద్దంటారా?"

రాజావారు ఆలోచించారు.

"ఆపు. నేను కేకలేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అయినా ఆపు."