పక్కింటి వాకిలి

"కడుక్కున్న ఒంటిని చూసుకుని మురిసింది చాలు, ఓబులేసూ. గడప దాటి చూడటం నేర్చుకో" అన్నాడు విరూపాక్షస్వామి.

ఓబులేసు తల దించుకున్నాడు. తాను తప్పుగా అడిగానని అతనికి తోచలేదు. వేకువ స్నానం మానినవాడు కాదు, ఒంటిపూట తినేవాడు, కాచిన నీళ్లే తాగేవాడు. ఇందాక మఠం కింది పేటలో చలిజ్వరాలు లేచాయని, అక్కడి మురుగుకాలువ పూడిక తీసి రమ్మని స్వామి చెబితే, "వాళ్ల జబ్బు వాళ్ల అలవాట్లది గదా స్వామీ. నా నియమం నన్ను కాపాడుతుంది. ఆ బురదతో నాకేం పని?" అన్నాడు.

వాదించడం స్వామికి అలవాటు లేదు. శిష్యుణ్ణి కూర్చోమని, తాను ఎరిగిన ఒక సాలెవీధి సంగతి చెప్పాడు.

ఏటవాలుగా ఉన్న ఆ వీధిలో ఎవరూ తమ వాకిలి తాము ఊడ్చుకోరు. ప్రతి ఇంటివాళ్లూ తమకు ఎగువనున్న ఇంటి వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లాలి. అన్నిటికన్నా పై ఇంటివాళ్లు చిట్టచివరి ఇంటి వాకిలి చూసుకోవాలి. తెల్లవారాక ఏ వాకిలైనా ఊడవకుండా కనబడితే, ఊడవవలసిన ఇంట్లో ఎవరో మంచం పట్టారని అర్థం. ఆ వాకిలి గలవాళ్లు వెంటనే పోయి పలకరించాలి, గంజి కాచి పోయాలి. ఎవరు పెట్టారో తెలియదు గాని, ఎంత గొప్ప కట్టుబాటు! ఆ వీధిలో దిక్కులేకుండా జబ్బుపడ్డ మనిషి లేడు. వీధి పొడుగునా పడుగులు సాగదీస్తే నూలుకు మరక అంటేది కాదు.

పై ఇంట్లో నూలు వ్యాపారి బసప్పశెట్టి ఉండేవాడు. శుచి గలవాడే. ఇల్లు అద్దంలా ఉంచేవాడు. ఒక ఏడు పెరట్లో అద్దకం పెట్టి, ఆ నీళ్లు తన గోడ పక్కన నిలవకుండా దిగువ ఇంటివైపు కాలువ తీశాడు. ఆ ఇల్లు నేతగత్తె చౌడమ్మది.

"శెట్టీ, నీ నీళ్లు నా మగ్గం గుంటలో ఊరుతుండాయప్పా. కాళ్లు యాడ పెట్టుకుని నేసేది?" అంది చౌడమ్మ.

"మిట్ట నీళ్లు పల్లానికి పోక మబ్బులోకి పోతాయా, చౌడక్కా?"

"నీళ్లు పల్లానికే పోతాయిలే. దోమలకు పల్లమేంది, మిట్టేంది?"

శెట్టి నవ్వి లోపలికి పోయాడు. అంత మాట పడ్డాక కూడా ఆమె మరుసటి తెల్లవారి వచ్చి అతని వాకిలి ఊడ్చింది. ఆ తరువాతా మానలేదు. కోపం కోపమే, కట్టుబాటు కట్టుబాటే అనుకునే మనిషి.

వానలు పట్టాయి. ఒకనాడు శెట్టి వాకిలి ఊడవకుండా ఉంది. అతను పోయి అడగాలి. అడగలేదు. "కాలువ మీద కసి తీర్చుకుంటోంది" అని, జీతగాణ్ణి పిలిచి తన వాకిలి తానే ఊడ్పించుకున్నాడు. శుభ్రంగా ఉన్న ఆ వాకిలిని చూసి వీధివాళ్లందరూ చౌడమ్మ బాగానే ఉందనుకున్నారు. లోపల ఆమె, ఆమె మొగుడు చలిజ్వరంతో వణుకుతూ, నీళ్లిచ్చేవాళ్లు లేక పడి ఉన్నారు. సంగతి బయటపడేసరికి గుంటలోని దోమలు వీధంతా జ్వరం పంచాయి. శెట్టి గోడ కూడా దాటాయి. అతని ఒక్కగానొక్క కూతురు శాంభవి పడకేసింది.

చౌడమ్మ ఇంకా తూలుతూనే గోడ పట్టుకుని పైకి వచ్చింది. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. పిల్ల తల ఒళ్లో పెట్టుకుని తడిబట్ట వేస్తూ కూర్చుంది. శెట్టి ఆమె మొహం చూడలేక గుమ్మంలోనే నిలబడ్డాడు.

స్వామి అక్కడ ఆగాడు. ఓబులేసు ఉండబట్టలేక, "ఆ కాలువ పూడ్చారా స్వామీ?" అని అడిగాడు.

"శెట్టే పూడ్చాడు, ఎవరూ చెప్పకుండానే" అన్నాడు స్వామి. "పిల్ల పోయిన మర్నాడు."