గురవయ్య చెప్పిన మారుకథ

ఊరికి ఉత్తరాన, ఏరు వంపు తిరిగే చోట, మనుషులు వదిలేసిన సున్నపు బట్టీ ఒకటి ఉంది. మంగళవారం నాడు మనుషులంతా సంతకు పోయాక ఆ బట్టీ నీడలో జంతువులు చేరి కథలు చెప్పుకునేవి. ఊళ్లో జంతువులూ వచ్చేవి, అడవి జంతువులూ వచ్చేవి. బట్టీలో ఉన్నంతసేపు ఎవరూ ఎవరినీ తినకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది పోలయ్య అనే ముసలి ఎద్దు.

పోలయ్య పన్నెండేళ్ళు కళ్ళకు గంతలతో గానుగ చుట్టూ తిరిగాడు. ఆ గంతల వెనక కథలు కట్టుకునే బతికాడు. అందుకే కథ చెప్పుకుంటానని వచ్చిన ఏ ప్రాణినీ వెనక్కి పంపనిచ్చేవాడు కాదు. నేర్చుకుని రమ్మని గెంటేస్తే ఎక్కడికి పోయి నేర్చుకుంటారు, ఇక్కడే తప్పులు చెయ్యనివ్వండి అనేవాడు.

కొత్తవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. మొదటి మంగళవారం తమ కథ చెప్పాలి. తర్వాతి మంగళవారం సభలో ఇంకొకరు అదే కథను తిరిగి చెబుతారు. దాన్ని మారుకథ అంటారు. అది జరుగుతున్నంతసేపు కథ కట్టినవాళ్ళు నోరు మెదపకూడదు, వినాలి. మన గొంతులో మన కథ మనకెప్పుడూ ముద్దుగానే ఉంటుందని, పక్కవాళ్ళ నోట వింటేనే దాని బలమూ బలహీనతా తెలుస్తాయని పోలయ్య నమ్మకం. మారుకథను సభలోవాళ్ళు చివరిదాకా కూర్చుని వింటే కొత్తవాళ్ళకి బట్టీ నీడలో చోటు దొరుకుతుంది. వాళ్ళు మధ్యలో లేచిపోతే, కొత్తవాళ్ళు గుమ్మం బయట ఎండలో కూర్చుని ఇంకో ఏడాది వినాలి.

ఆ వేసవిలో పైడమ్మ వచ్చింది. పైడమ్మ పందికొక్కు. ఊళ్లో ఎవరికీ పడని జాతి. నాలుగు కాన్పుల పిల్లల్ని నిద్రపుచ్చడానికి ఎక్కడా లేని లోకాలు కల్పించి చెప్పేది. పిల్లలు పెరిగి తలో బొరియా చూసుకున్నాక, కథలు ఆమె దగ్గరే మిగిలిపోయాయి. నెల రోజులు గుమ్మం బయట ఎండలో కూర్చుని అందరి కథలూ విన్నది. చివరికి గుండె చిక్కబట్టుకుని, ఒక్కసారి చెబుతాను, నచ్చకపోతే ఈ జన్మలో మళ్ళీ నోరు విప్పను అంది.

ఆమె చెప్పింది మబ్బుల్లో ఉన్న పందికొక్కుల ఊరి కథ. అక్కడ మబ్బు రోజూ కదులుతుంది కాబట్టి ఏ ఇల్లూ ఉన్నచోట ఉండదు. ఎవరి గుమ్మం వాళ్ళే వీపున మోసుకు తిరుగుతారు. గుమ్మం నిలబెట్టిన చోటే ఇల్లు. ప్రతి ఇంట్లో ఒక కుండ ఉంటుంది, దాన్లో ఆ ఇంటి ఉరుము ఉంటుంది. బతుకు మొత్తంలో ఒక్కసారే దాని మూత తీయగలరు. ఒకరోజు మబ్బు రెండుగా చీలి, నూకాలు అనే కుంటి తల్లికి బిడ్డ దూరమైంది. నూకాలు గుమ్మం వీపున వేసుకుని, కుండ చంకన పెట్టుకుని మబ్బు మబ్బూ వెతికింది. మధ్యలో ఏడుగురు మబ్బురాజుల యుద్ధం దాటింది. చివరికి ఒక గద్ద ఆమె మీదికి దూకింది. ఉరుమును దాని మీద వదిలితే పారిపోయేదే. కానీ నూకాలు కుండను అటు తిప్పలేదు. బిడ్డ ఎటు పోయిందో అటు తిప్పి మూత తీసింది. గద్ద ఆమె చెవి పీక్కుపోయింది. తన ఇంటి ఉరుము గుర్తుపట్టి బిడ్డ తిరిగొచ్చింది.

సభలో గాడిద ఒకడున్నాడు, పేరు సింహాద్రి. కథ వింటున్నంతసేపూ ఎండుగడ్డి నములుతూనే ఉంటాడు. రాజు గెలిచినా నములుతాడు, రాణి చచ్చిపోయినా నములుతాడు. ఆ రోజు నూకాలు కుండ మూత మీద చెయ్యి వేసేసరికి సింహాద్రి దవడ ఆగిపోయింది. గడ్డిపోచ ఒకటి పెదవి నుంచి వేలాడుతూ ఉండిపోయింది.

గురవయ్య ఆ గడ్డిపోచనే చూశాడు.

గురవయ్య నక్క. ఏడేళ్ళుగా ఆ సభలో పెద్ద కథకుడు. హరికథలు చెప్పే పందిళ్ళలో బల్లల కింద ఖాళీ కడుపుతో నక్కి, విని, నేర్చుకున్నవాడు. కుక్కలు తరిమితే మూడు ఊళ్ళు మారి, మళ్ళీ ఇంకో పందిరి వెతుక్కున్నవాడు. కష్టపడ్డాడు, కాదనను. కానీ నేను ఇంత ఏడ్చాను కాబట్టి నా తర్వాత వచ్చేవాళ్ళు కూడా అంత ఏడవాలి అనుకునే బుద్ధి ఉంది చూశారూ, అది పడ్డ కష్టాన్నంతా బూడిదలో పోస్తుంది. ఏడేళ్ళలో తన కథకు ఆ గాడిద దవడ ఒక్కసారి ఆగలేదు. గాదెల కింద తవ్వుకునేదానికి మొదటిరోజే ఆగిపోయింది. గురవయ్యకు ఒళ్ళంతా మిరపకాయలు రాసినట్టైంది.

మారుకథ ఎవరు చెబుతారని పోలయ్య అడిగాడు.

"నేను చెబుతాను మావా," అన్నాడు గురవయ్య. "కొత్తగా వచ్చింది. పెద్దవాళ్ళం మనం చెయ్యి అందించకపోతే ఎలా?"

మేక సన్యాసమ్మ మెచ్చుకుంది. గురవయ్యంతటివాడు తన కథ చెబుతాడనేసరికి పైడమ్మకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడు గురవయ్య ఆమె బొరియ దగ్గరికే వెళ్ళాడు. చెల్లీ అని పలకరించి, ఒక్క ముక్క కూడా తప్పు పోకూడదమ్మా, మళ్ళీ మొదటినుంచీ చెప్పు అన్నాడు. పైడమ్మ దాచుకున్న వేరుశనగకాయలు ముందు పెట్టి, అన్నయ్యా అంటూ అంతా విప్పి చెప్పింది. నూకాలుది ఏ కాలు కుంటి, గుమ్మానికి ఎన్ని మేకులు, కుండకు ఎక్కడ పెచ్చు ఊడింది, అన్నీ. గురవయ్య ప్రతి మాటా మనసులో దాచుకున్నాడు. ఆరు రోజులు తిండి మీద ధ్యాస లేకుండా ఆ కథే వల్లించాడు. తన కథల్లో ఒక్కదాని మీద కూడా అతను ఆరు రోజులు కూర్చున్నది లేదు.

మొత్తం మార్చేస్తే తెలిసిపోతుంది. అక్కడక్కడా చిన్న చిన్నవి మార్చాలి. కథ లోపలినుంచి పుచ్చిపోవాలి, ఎందుకు బాగాలేదో కూడా ఎవరికీ తెలియకూడదు. సభ ఆవులించి లేచిపోవాలి. పైడమ్మకా, నోరు విప్పే హక్కు లేదు. ఇదీ అతని ఎత్తు.

మంగళవారం వచ్చింది. పైడమ్మ గుమ్మం బయట ఎండలో, ముందుకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. గురవయ్య గొంతు సవరించుకున్నాడు.

"మబ్బుల్లో ఒక ఊరు. ఆ ఊళ్లో నూకాలు అనే అందమైన రాకుమార్తె."

"రాకుమార్తె కాదుగా," అంది సన్యాసమ్మ. "కుంటిది. ఎడమకాలు."

"సరేలే, కుంటిదే. బిడ్డ కనబడకపోయేసరికి కత్తి భుజాన వేసుకుని..."

"గుమ్మం," అన్నాడు సింహాద్రి, నోట్లో గడ్డితోనే.

"కత్తైతే ఏం, గుమ్మమైతే ఏం సింహాద్రీ? వెళ్ళింది కదా."

"ఏం అంటావేంటి బావా. రాత్రికి కత్తి నిలబెట్టి దాని కింద కాపురం చేస్తుందా?"

సభ ఘొల్లుమంది. గురవయ్య కూడా నవ్వినట్టు మొహం పెట్టి, కత్తి దించి గుమ్మం ఎత్తుకున్నాడు. ఉరుము కుండను నగారా చేయబోతే కోడిపెట్ట అడ్డం పడింది. కుండ అంచు పెచ్చు ఊడిందని, తాను బాగా విన్నానని చెప్పింది. బిడ్డను కొడుకు చేస్తే, కూతురని రెండు గొంతులు ఒకేసారి లేచాయి. ఎక్కడ గండి కొట్టినా ఎవరో ఒకరు మట్టి వేసి పూడ్చేస్తున్నారు. లేచిపోవాల్సినవాళ్ళు ఒకరిని తోసుకుని ఒకరు ముందుకు జరుగుతున్నారు.

ఏడుగురు రాజుల యుద్ధం దగ్గరికి వచ్చాక గురవయ్యకు ఊపిరి ఆడింది. ఏడుగురిని పన్నెండుమందిని చేశాడు. ఎవరూ మాట్లాడలేదు. ఓడినవాళ్ళను గెలిపించాడు. ఎవరూ మాట్లాడలేదు. సింహాద్రి హాయిగా నములుతున్నాడు. కోడిపెట్ట రెక్కలో ముక్కు పెట్టుకుంది. గురవయ్య ఆ యుద్ధాన్ని లాగి లాగి చెప్పాడు. గుమ్మం బయట పైడమ్మ సభ మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది.

ఇక ఆఖరి దెబ్బ మిగిలింది.

"గద్ద దూకింది. నూకాలు ఉరుము కుండ ఎత్తి, ఫెడీమని దాని నెత్తిన పగలగొట్టింది. గద్ద చచ్చింది. కథ..."

"పగలగొట్టలేదు గురవయ్యా."

ఆ గొంతు పోలయ్యది. ఎవరి కథకూ అడ్డు రాని పోలయ్య లేచి నిలబడ్డాడు.

"మూత తీసింది. గద్ద వైపు కాదు, బిడ్డ వైపు తిప్పి తీసింది. చెవి పోతుందని తెలిసే తీసింది. ఆ ముక్క సరిగ్గా చెప్పు. వారం రోజులుగా నా చెవుల్లో ఆ ఉరుమే ఉంది."

సభ మొత్తం గురవయ్య వైపు చూస్తోంది. దారి లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. బిడ్డ తిరిగొచ్చిందని అనే వేళకు సింహాద్రి నోట్లోంచి గడ్డిపోచ జారి నేల మీద పడింది.

పోలయ్య పైడమ్మను లోపలికి పిలిచి, గోడ పక్కన చల్లటి చోటు చూపించాడు. తర్వాత గురవయ్యను మెచ్చుకున్నాడు. ఇన్నేళ్ళలో ఇలాంటి మారుకథ వినలేదని, తానొక్కడే చెప్పకుండా సభ మొత్తం చేత కథ చెప్పించాడని అన్నాడు. ఆ మెప్పు మింగలేక గురవయ్య మూతి నాక్కున్నాడు.

ఇప్పుడు మాట్లాడమని పైడమ్మతో అన్నారు.

"అన్నయ్య ఎక్కడ మార్చినా ఎవరో ఒకరు ఊరుకోలేదు," అంది పైడమ్మ. "రాజుల యుద్ధం దగ్గర మాత్రం అందరూ ఊరుకున్నారు. కాబట్టి ఆ ముక్క తీసేస్తాను. అది నాది కూడా కాదు. బయట కూర్చుని అన్నయ్య కథలు విని, అలా రాజులూ యుద్ధాలూ లేకపోతే కథనుకోరేమోనని పెట్టాను."

దెప్పడానికి అన్నది కాదు. అందుకే మరీ లోతుగా దిగింది. సింహాద్రి ఒక్కడే నవ్వాడు. గాడిద నవ్వు ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. అన్నీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది కాబట్టి, గురవయ్య మర్చిపోయి మార్చలేదని పైడమ్మకు తెలుసు. ఆ సంగతి మాత్రం సభలో ఎత్తలేదు.

గురవయ్యకు కంటి మీద కునుకు లేదు. పందికొక్కు కథకు అంతమంది అడ్డం పడితే, నా కథకు ఇంకెంతమంది పడతారో చూపిస్తాను అనుకున్నాడు. పాతవాళ్ళకు మారుకథ అక్కర్లేకపోయినా, తనకూ కావాలని పట్టుబట్టాడు. చంద్రబాహువు అనే రాజు దండయాత్ర కథ చెప్పాడు. తర్వాతి మంగళవారం దానికి మారుకథ సింహాద్రి వంతు.

సింహాద్రికి సగం గుర్తులేదు. రాజు పేరు మర్చిపోయి కుమ్మరి అన్నాడు. కోటను తోట చేశాడు. యుద్ధం మొత్తం వదిలేసి రాజుకు పెళ్ళి చేశాడు. గురవయ్య నోరు మూసుకుని ఒక్కొక్కరి మొహమే చూస్తున్నాడు. సన్యాసమ్మ వైపు చూశాడు. కోడిపెట్ట వైపు చూశాడు. పోలయ్య వైపు చూశాడు. ఒక్కరు, ఒక్కసారి, కాదు అంటారేమోనని చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నాడు. సభ మర్యాదగా వింటోంది.

"తర్వాత గుర్రమెక్కి ఏరు దాటాడు," అన్నాడు సింహాద్రి.

"ఎక్కి కాదు," అంది గోడ పక్కనుంచి పైడమ్మ. "ఆ గుర్రానికి చూపు లేదు. ఏటి దగ్గర రాజు కిందికి దిగి, దాని చెవిలో దారి చెబుతూ పక్కన నడిచాడు."

"అవును, ఉంది ఆ ముక్క," అన్నాడు పోలయ్య. "మర్చిపోయాను. బాగుంటుంది."

ఆ గుడ్డి గుర్రం ఒక్కటే గురవయ్య ఏ పందిరి కిందా వినకుండా సొంతంగా కట్టుకున్నది. కథ కట్టినవాడు నోరు మెదపకూడదు కదా. అతను ముందుకాళ్ళ మీద మూతి ఆనించి, తల ఎత్తకుండా అలాగే ఉండిపోయాడు.

ఎదుటివాళ్ళ పని చెడగొట్టడానికి పడే కష్టంలో సగం సొంత పని మీద పెట్టినవాళ్ళకి అసూయపడే తీరిక ఉండదు.