కేక విన్న చేతులు

శిష్యులు ఏదైనా అడిగితే ప్రొఫెసర్ అచ్యుతవల్లి వెంటనే జవాబు చెప్పేవారు కారు. ఆ వానాకాలం భాస్కర్ అడిగిన ప్రశ్నకూ చెప్పలేదు.

అతనిది కీళ్లవాతం మీద పరిశోధన. కీలు వాచినప్పుడు కొన్ని అణువులు ప్రమాదమంటూ చుట్టుపక్కల కబురు పెడతాయి. అది అందిందంటే మృదులాస్థి కణాలు తమ పని మానేసి, ఎముకల మధ్య తాము కట్టిన మెత్తటి పొరనే కరిగించడం మొదలుపెడతాయి. పైగా అదే కబురు తామూ పంపుతాయి.

"కట్టినవే కూలుస్తుంటే ఇంక వాటినేం నమ్ముతాం మేడం? ఆ కణాలనే అణిచేసే మందు వెతకాలి" అన్నాడు భాస్కర్ కోపంగా.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబులో హీటరు వైరు కాలి పొగ లేచింది. "నిప్పు! అద్దాల గదిలో పద్మలతమ్మ ఉండిపోయారు!" అని అటెండరు అప్పలసూరి కేక పెట్టాడు. రోగుల మోకాళ్ల నుంచి తీసిన కణాలను దుమ్ము సోకకుండా పెంచడానికి భాస్కర్ దగ్గరుండి కట్టించుకున్న అద్దాల గది అది. స్టూలెత్తి ఆ అద్దాలనే బద్దలుకొట్టాడు. "నిప్పు! నిప్పు!" అని తనూ అరిచాడు. ఆ అరుపుకి మేడ మీదివాళ్లు పరుగున వచ్చి, వాళ్లూ అరుస్తూ అల్మారాలు లాగి పడేశారు. కణాల గిన్నెలు నేలపాలయ్యాయి.

ల్యాబు టెక్నీషియను పద్మలత అప్పటికే కరెంటు మెయిన్ ఆపేసి వెనక తలుపు గుండా బయటికొచ్చేసింది. పొగ కూడా విడిపోయింది. ఆమె ఆ సంగతి చెబుతున్నా గోలలో ఎవరికీ వినపడలేదు.

అచ్యుతవల్లి మెట్లు దిగి వచ్చారు. స్టూలెత్తిన భాస్కర్ని దాటుకుని, ఇంకా కేకలు పెడుతున్న అప్పలసూరి దగ్గరికి నేరుగా వెళ్లి భుజం మీద చెయ్యి వేశారు.

"సూరీ, ఆరిపోయింది. పద్మలత బయటే ఉంది. ఇంక అరవకు."

అతని గొంతు ఆగింది. ఒకరి వెంట ఒకరు అందరూ ఆగారు. అప్పుడు భాస్కర్ చేతిలోని స్టూలు దానంతటదే కిందికి దిగింది. వేళ్ల నుంచి నెత్తురు కారుతోంది. ఎన్నో నెలల కష్టం గాజుపెంకుల్లో కలిసిపోయి ఉంది.

"నా చేతులతో నేనే..." అన్నాడు.

ఆవిడ తన రుమాలు అతని వేళ్లకు చుట్టి ముడివేశారు.

"కణాలనే అణచాలన్నావు నిన్న. మరి నిన్ను ఆపడానికి నీ చెయ్యి పట్టుకున్నానా, భాస్కర్?" అన్నారు.