అర సెంటీమీటరు

కానిస్టేబుల్ ఉద్యోగం తప్ప ఈ లోకంలో కోరుకోదగ్గది ఇంకేదీ లేదనుకునే రాజలింగం జనగామ దగ్గర ఒక పల్లెలో ఉండేవాడు. మనిషి మంచివాడే. కానీ ఈత నేర్చుకోవడం, ట్రాక్టరు నడపడం, ఆఖరికి అక్క ఇంటికి పోవడం కూడా పక్కన పెట్టేశాడు.

పరుగంటే అతనికి భయం లేదు. భయమంతా ఎత్తు గురించే. రాత్రి పడుకుని లేచిన మనిషి కాస్త పొడుగ్గా ఉంటాడని, నిలబడేకొద్దీ తగ్గుతాడని ఎవరో చెప్పారు. అందుకని కొలతల రోజు వ్యానులో చాప పరుచుకుని, మైదానం దాకా వెల్లకిలా పడుకునే వెళ్లాడు. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా ఎత్తు తగ్గిపోతుందేమోనని చాపను రెండు చేతులతో గట్టిగా పట్టుకునేవాడు. నవ్వకండి, ఆ కంగారు పడేవాడికే తెలుస్తుంది.

"జర ఊపిరి పీల్చుకోరా" అన్నాడు పక్కన కూర్చున్న స్నేహితుడు సైదులు. అతనూ అదే సెలెక్షన్‌కు వస్తున్నాడు.

రాజలింగం ఎత్తు అర సెంటీమీటరు తక్కువైంది. బతిమాలితే మళ్లీ కొలిచారు. అంతే వచ్చింది. సైదులు పరుగులో వెనకబడి తప్పాడు.

రాజలింగం ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడు రోజులు ముద్ద ముట్టలేదు. తల్లి కనకవ్వ పనికి పోవడం మానేసింది. పురుగుమందు డబ్బా తీసుకెళ్లి పక్కింట్లో దాచింది. కొడుకు ఊపిరి తీసుకుంటున్నాడో లేదో అని మాటిమాటికీ లోపలికి తొంగిచూసేది.

నాలుగో రోజు పొద్దున సైదులు వచ్చాడు. "ఎల్లుండి మా అమ్మకు సముద్రం చూపెట్టబోతున్న. వచ్చినంక డోలు నేర్చుకోవాలె" అన్నాడు.

"నీకు బాధ లేదారా?"

"ఎందుకు లేదు? వ్యానులనే ఏడ్చిన. కానీ నాకు ఇంకా చేసేటియి ఉన్నయి. నీకేమున్నయి?"

రాజలింగం వేళ్ల మీద లెక్కపెట్టబోయాడు. ఒక్కటీ తట్టలేదు. ఉద్యోగం తప్పిపోయినప్పటికంటే ఎక్కువ భయం అప్పుడు వేసింది. "అన్నీ సెలెక్షన్ అయినంక అనుకున్న" అన్నాడు మెల్లగా.

"సెలెక్షన్ అయిపోయింది గదా. ఇగ లే."

రాజలింగం లేచి కూర్చున్నాడు. గడపలో ఉన్న తల్లివైపు చూశాడు. "అవ్వా, నీకేమన్న చూడాలని ఉన్నదా?" అని అడిగాడు.

"నువ్వు ఇంత అన్నం తింటే చూడాలని ఉన్నది, బిడ్డా" అంది కనకవ్వ.

అతను తిన్నాడు.

ఒక్క లక్ష్యం మీదే బతుకంతా నిలబెట్టుకుంటే అది తప్పిన రోజు మనిషి కూలిపోతాడు. చిన్నవో పెద్దవో నాలుగు లక్ష్యాలున్నవాడికి ఒకటి చేజారినా, మర్నాడు లేవడానికి ఇంకొకటి మిగిలే ఉంటుంది.